నా వెనక వచ్చిన పసుపు జాకెట్టు

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యం కథ కోసం కూర్చున్నవాళ్ళుంటే లేచిపోవచ్చు. నేను దెయ్యాల్ని నమ్మను. తాతల కాలం నుంచి మాది మిషను చర్చి కుటుంబం. దెయ్యం మాట ఎవరైనా ఎత్తితే మా అమ్మ ప్రార్థన మొదలుపెడుతుంది, నేను నవ్వడం మొదలుపెడతాను. కోటబొమ్మాళి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. మా స్కూలు గ్రౌండు పక్కనే శ్మశానం. అక్కడ చీకటి పడేదాకా పిల్లలతో కబడ్డీ ఆడించినవాణ్ని. ఏనాడూ ఎవడూ వచ్చి నా కాలు పట్టుకోలేదు.

మరి ఇదెందుకు రాస్తున్నావయ్యా అంటే, ఒళ్ళు మండి రాస్తున్నాను. ఏడాది దాటింది, మా చుట్టుపక్కల నా మీద ఒక మాట తిరుగుతోంది. ‘దానియేలు మాస్టారు కోడికూర కోసం స్నేహితుణ్ని అడవిలో వదిలేసి వచ్చేశాడట.’ పెళ్ళి భోజనాల్లో అంటారు. స్టాఫు రూములో అంటారు. మొన్న క్షవరానికి కూర్చుంటే, కత్తి నా గొంతు మీద పెట్టి మరీ అడిగాడు మంగలి, నిజమేనా మాస్టారూ అని. నేను ఎవర్నీ వదిలేసి రాలేదు. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను. పేర్లు మాత్రం మార్చాను, నాదీ మార్చాను.

మాది పెద్ద మోటారు సైకిళ్ళ క్లబ్బేమీ కాదు. ఎనిమిది బళ్ళు. ప్రతి రెండో శనివారం పొద్దున్నే బయల్దేరి కొండల్లో, తుప్పల్లో, గెడ్డ వాగుల్లో, బండి పోగలిగినంత మేరా పోయి, సాయంత్రానికి ఇల్లు చేరడం. ఆదివారం పెట్టమని కొందరన్నారు గానీ నాకు చర్చి ఉంటుంది, ఒప్పుకోలేదు.

మా అందరికీ పెద్ద తవిటినాయుడు మావ. నాకు చుట్టం కాదు, ఊరందరికీ మావే. మిలిటరీలో లారీల వరస నడిపి వచ్చినవాడు. కొండ దారుల్లో ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ముందు మావ పోతాడు. దారి చీలిన చోటల్లా ఆయన వెనకే వచ్చే రెండో బండి ఆగిపోవాలి. ఆ మనిషి మూల మీద నిలబడి, ఎటు పోవాలో వెనకొచ్చే వాళ్ళకి చెయ్యి చూపించాలి. అందరికంటే చివర వచ్చేవాణ్ని మేం తోక అంటాం. తోక ఒంటి మీద మాత్రం మెరిసే పసుపు జాకెట్టు ఉంటుంది. తోక వచ్చి చెయ్యి ఎత్తేదాకా మూల మీద మనిషి కదలకూడదు. తోక చెయ్యెత్తాక వీడు బండి తీస్తాడు, తోక వీడి వెనక వస్తాడు. ఎక్కడైనా మూల మీద మనిషి లేకపోతే తిన్నగా పోవాలని అర్థం. అంతే పద్ధతి. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది.

తోకగా ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు, ముందు పోయిన వాళ్ళ దుమ్మంతా తినాలి. మా సింహాచలం మాత్రం ఎప్పుడూ వాడే అడిగి మరీ ఆ జాకెట్టు వేసుకునేవాడు. వాడు కరెంటు లైన్‌మన్. ఓపిక ఎక్కువ, మాట తక్కువ. ఆరో తరగతి నుంచి వాడూ నేనూ ఒకే బెంచీ. వాడి భార్య పార్వతి నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. మా ఇంట్లో క్రిస్మస్ కేకు మొదటి ముక్క వాడి నోట్లోనే పడేది. నా మీద పడిన నింద ఎవరి గురించో చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను. వదిలేసి వచ్చేశానంటున్నది వాణ్ని.

ఆ రోజు ఫిబ్రవరి శనివారం. టెక్కలిలో కలిసి టీ తాగి మెళియాపుట్టి వైపు కొండల్లోకి తిరిగాం. జీడి తోటలు పూత మీద ఉన్నాయి. వానల్లేక దారులన్నీ పిండి పిండిగా దుమ్ము. బండి వెనక బండి పోతే ముందువాడి వీపు కూడా కనపడదు.

కొండ దిగువన ఒక చోట దారి చీలింది. కుడివైపు పోతే గెడ్డ దాటి, మేం భోజనం చెప్పుకున్న గూడెం. తిన్నగా పోతే నల్లరాయి తవ్వేసి ఎప్పుడో వదిలేసిన క్వారీ. అప్పుడు మావ వెనకే, రెండో బండి నాది. మావ కుడికి తిరుగుతూ నాకు సైగ చేశాడు. నేను ఆగి, స్టాండు వేసి, ఎర్ర హెల్మెట్టు తియ్యకుండా మూల మీద నిలబడ్డాను.

నేను చెయ్యి చూపిస్తే మోచెయ్యి వంగదు. డ్రిల్లు మాస్టారి చెయ్యి కదా. దానికీ వెక్కిరింపే మావాళ్ళకి, ‘దానేలు సెయ్యి ఉండగా ఇంక బోర్డులెందుకు’ అని. వెనకున్న ఐదు బళ్ళూ నా చెయ్యి చూసి కుడికి తిరిగి వెళ్ళిపోయాయి. ఇంక మిగిలింది సింహాచలం ఒక్కడే.

ఎదురుచూస్తుంటే మేకల మంద ఒకటి దారికి అడ్డంగా వచ్చి నా బండి చుట్టూ మూగింది. అలవాటు కొద్దీ విజిల్ కోసం మెడ దగ్గర తడుముకున్నాను. లేదు. ముందు రోజు ఆటల పోటీలయ్యాక స్కూల్లో టేబుల్ సొరుగులో పడేసి మరిచిపోయాను. చప్పట్లు కొట్టి తోలుకున్నాను. మళ్ళీ నిలబడ్డాను. ఎండ నడినెత్తికి వస్తోంది. ఆకలేసింది, అబద్ధమెందుకు? ఆకలి వెయ్యడం నేరమా?

ఇక్కణ్నుంచి ఒక్కొక్కటే చెబుతాను, వినండి.

జీడి తోట మలుపులోంచి పసుపు జాకెట్టు వచ్చింది. బండి లైటు వెలుగుతోంది. పగలైనా లైటు వేసుకోవాలని మావ పెట్టిన రూలు. నాకు కనిపించేంత దూరంలోకి వచ్చి, సింహాచలం ఎప్పుడూ ఎత్తినట్టే ఎడమ చెయ్యి ఎత్తాడు. హెల్మెట్టు అద్దం దించి ఉంది, ముఖం కనపడలేదు. అయినా మన మనిషి వస్తుంటే ముఖం చూసి పోల్చుకుంటామా? నేనూ చెయ్యెత్తి, బండి స్టార్టు చేసి కుడివైపు తిరిగాను. బండి అద్దంలో చూశాను. పసుపు జాకెట్టు నా వెనకే మలుపు తిరిగింది.

దారి పొడుగునా అద్దంలో ఉన్నాడు. నేను నిదానిస్తే వాడూ నిదానించాడు. నేను తొక్కితే వాడూ తొక్కాడు. గెడ్డలో నీళ్ళు పిక్కలదాకా కూడా లేవు గానీ రాళ్ళు జారుడు. తోక పడితే లేపడానికి ఎవరూ ఉండరని, దాటాక గట్టు మీద ఆగి వెనక్కి తిరిగి చూశాను. వాడు అవతలి గట్టున నేరేడు చెట్టు కింద ఆగి ఉన్నాడు.

“రారా! ఏటి సూస్తన్నావక్కడ?” అని అరిచాను.

మళ్ళీ ఎడమ చెయ్యి ఎత్తాడు. రాలేదు. ఉచ్చకి ఆగాడేమో, నేను చూస్తుంటే సిగ్గేమో అనుకుని నవ్వుకుని బండి తీశాను. కాస్త దూరం పోయి అద్దంలో చూద్దును కదా, మళ్ళీ నా వెనకే ఉన్నాడు. గెడ్డ ఎప్పుడు దాటాడో నేను చూడలేదు.

భోజనం గూడెం చివర మామిడి తోపులో. తోపు దగ్గరికి వచ్చే దారి కోతలైపోయిన పొలాల మధ్య నుంచి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. నేను వెళ్ళి బండి ఆపాను. నాటుకోడి కూర దించారు, ఆకులు వేస్తున్నారు. మావ నా వంక చూసి, “తోక ఏడ్రా?” అన్నాడు.

“ఎనకే వస్తన్నాడు మావా,” అని తిరిగి చూశాను.

ఆ దారి మీద ఎవరూ లేరు. దాక్కోవడానికి చెట్టు కాదు కదా పొద కూడా లేదు. నేను లేపిన దుమ్ము నెమ్మదిగా పొలంలోకి దిగుతోంది. అప్పుడు తట్టింది నాకు. అంత దుమ్ము నా వెనక లేస్తుంటే, ఆ దుమ్ములోంచి పసుపు జాకెట్టు ఉతికి ఆరేసినట్టు అంత శుభ్రంగా నాకెలా కనిపించింది?

తోపులో ఉన్నవాళ్ళందరూ నేను రావడం చూశారు. నా వెనక ఎవర్నీ చూడలేదన్నారు.

కాసేపు చూశాం. రాలేదు. ఎవరూ ఆకు ముందు కూర్చోలేదు, నేను ముక్క నోట పెట్టలేదు. ఈ సంగతి మాత్రం ఎవడూ చెప్పడు చూడండి. అందరం వెనక్కి బయల్దేరాం. దారిలో మావ బండి దిగి టైర్ల జాడలు చూశాడు. అన్నిటికంటే పైన పడ్డ జాడ నాదే. నా జాడ మీద ఇంకో టైరు పడలేదు. గెడ్డ ఒడ్డున తడి ఇసకలో కూడా అంతే. నేరేడు చెట్టు కింద అసలు జాడే లేదు.

మూల దగ్గరికి వచ్చి చూస్తే ఒక్క బండి జాడ తిన్నగా క్వారీ వైపు పోయింది.

సింహాచలం గోతిలో పడి ఉన్నాడు. దారి అంచు ఎప్పుడు విరిగిపోయిందో, పైన తుప్పలు కప్పేసి కనపడకుండా ఉంది. బండి అడుగున నీళ్ళలోకి పోయింది. వాడు మధ్యలో రాతి గట్టు మీద ఆగాడు. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. గూడెం వాళ్ళు మంచం, తాళ్ళు తెచ్చారు. నేనే ముందు దిగాను. నేను దిగడం చూసి వాడు కళ్ళు మూసుకున్నాడు. నొప్పికి అనుకున్నాను.

మంచం మీద రోడ్డుదాకా మోసుకొస్తుంటే వాడు గుక్క గుక్కగా చెప్పాడు. వెనక ఒక చోట వాడి బండి చైను ఊడిపోయిందట. బాగుచేసుకుని వచ్చేసరికి చాలా ఆలస్యమైందట. అంటే నాకు పసుపు జాకెట్టు కనిపించినప్పుడు వీడింకా అక్కడ చేతులు నల్లగా చేసుకుని కూర్చునే ఉన్నాడు.

అప్పుడు అడిగాడు మావ. “ఒరే, మూల మీద ఎవులున్నార్రా?”

సింహాచలం నా వంక చూశాడు. తర్వాత ముఖం అటు తిప్పేసుకున్నాడు.

“ఎవులూ నేరు మావా.”

మంచం కోడు నా భుజం మీదే ఉంది. ఎలా మోశానో నాకు తెలీదు.

“నాను ఉన్నాను! ఈడొచ్చి సెయ్యెత్తితేనే కదిలినాను! దేవుడి తోడు, పసుపు జాకెట్టు సూసినాను మావా!” అన్నాను.

“అందరూ శాకాహారులే గాని రొయ్యల బుట్ట మాయమైపోనాది,” అన్నాడు మావ. “నడు ముందు.”

అదీ నాకు జరిగిన విచారణ. ఆ సాయంత్రానికే నా పేరు ఖరారైపోయింది. ఆకలికి ఆగలేక మూల వదిలేసి కోడికూర దగ్గరికి పోయినవాడు. తోక వచ్చేసరికి మూల మీద మనిషి లేడు, రూలు ప్రకారం వాడు తిన్నగా పోయి గోతిలో పడ్డాడు. లెక్క సరిపోయింది అందరికీ. తర్వాతి నెల నాకు చెప్పకుండానే బళ్ళు బయల్దేరాయి.

ఆసుపత్రికి వెళ్తే పార్వతి గుమ్మంలోనే ఆపేసింది. “ఏటన్నయ్యా, ఇంకేటి మిగిలినాదని వచ్చినావు? ఆయన మళ్ళీ తంబం ఎక్కగలడా?” అంది. ఎక్కలేడని అప్పటికే డాక్టర్లు చెప్పేశారట. తెచ్చిన పళ్ళు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఫోను చేస్తే వాడు ఎత్తడు. మెసేజీ పెడితే చూసి వదిలేస్తాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సలహాలొకటి. కొత్తవలసలో ఉన్న మా తోడల్లుడు బాగా చదువుకున్నవాడు, ఎండకి మెదడు అలా చూపిస్తుందని వివరించాడు. ఎండలో రోజంతా పిల్లల్ని పరిగెత్తించేవాణ్ని, ఆ ఒక్క రోజే నాకు ఎండ కొత్తా? మా అమ్మ పాస్టరుగారిని పిలిపించి తల మీద చెయ్యి పెట్టించింది. స్కూల్లో తెలుగు మాస్టారు, ఆ క్వారీలో ఎవరో పోయే ఉంటారు, వాళ్ళే వచ్చి ఉంటారు అన్నాడు. ఉంటే ఉండనీ! చచ్చినవాడికి మా పసుపు జాకెట్టు ఎక్కడిది? నా బండి వెనక వాడికేం పని? సింహాచలంలా ఎడమ చెయ్యి ఎత్తడం వాడికి ఎవరు నేర్పారు?

నా కోపం వాళ్ళ మీద కాదు. సింహాచలం మీద. మూల మీద ఎవరూ లేరన్నాడే, ఆ మాట మీద. దానియేలు అలాంటివాడు కాదు మావా, ఏదో జరిగుంటుంది అని ఒక్క ముక్క అనలేకపోయాడా? అన్నేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నదానికి అది కూడా చెయ్యడా? రాత్రి మంచం మీద పడుకుంటే వాడు ముఖం తిప్పేసుకున్న తీరు గుర్తొచ్చి పళ్ళు నూరుకునేవాణ్ని. మా ఆవిడ లేచి నీళ్ళిచ్చేది.

మళ్ళీ వేసవి వచ్చింది. వాడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడని, ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారని తెలిసింది. ఒక మధ్యాహ్నం ఇంక ఆగలేక వాళ్ళింటికి వెళ్ళాను. బతిమాలుకోవడానికి కాదు, దెబ్బలాడటానికే. చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికి పోయాను.

“ఒరే, నాను మూల వదిలీసి పోయినానా? నా మొకం సూసి సెప్పు!”

పార్వతి పరిగెత్తుకొచ్చింది. వాడు, “టీ పెట్టు,” అని ఆమెని లోపలికి పంపేశాడు. తర్వాత తలెత్తాడు. నాకంటే ఎక్కువ కోపం ఉంది వాడి కళ్ళలో.

“నేదురా. నువ్వు ఎక్కడికీ పోనేదు. నువ్వు మూల మీదే ఉన్నావు.”

నాకు అర్థం కాలేదు.

“ఎర్ర హెల్మెట్టు పెట్టుకోని నిలబడున్నావు. మోసెయ్యి వంచకుండా సెయ్యి సాపినావు. తిన్నగా క్వారీ ఏపు. నాను సెయ్యెత్తినాను. రూలు పెకారం నువ్వు ముందు కదలాలి. నువ్వు కదల్నేదు. ఎల్లు ఎల్లు అని సూపినావు. సరే, ఎనకాల వస్తావునే అని నాను ఎల్లిపోనాను.” కర్రని నేలకి అదిమాడు. “గోతిలో పడ్డాక నీ పేరే పిలిసినాను దానేలూ. నువ్వు పైనే ఉన్నావు గదా, ఇనపడతాదీ అని.”

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. పార్వతి కూడా ఈ మాట అప్పుడే వింటోందని నాకు తెలిసింది.

“మరి ఎవులూ నేరని ఎందుకు సెప్పినావురా మావతో?” అన్నాను.

“ఏటి సెప్పమంటావు? దానేలే నన్ను గోతిలోకి తోలినాడని సెప్పమంటావా? కేసయిపోద్ది. ఉజ్జోగం పోద్ది నీకు. పిల్లలున్నోడివి. ఆకలికి పోయినాడంటే నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు. అందుకే నేవని సెప్పినాను. ఎందుకు సేసినావో నువ్వే వచ్చి సెప్తావని సూసినాను. ఇన్నాళ్ళూ సూసినాను.”

నేను కింద కూర్చుండిపోయాను. ఏడాదిగా మనసులో వాణ్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. తర్వాత నా వైపు జరిగింది చెప్పాను. పసుపు జాకెట్టు, ఎడమ చెయ్యి, నేరేడు చెట్టు, దుమ్ము, అన్నీ. నేను చెప్పడం అయ్యాక, ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు నుదురు రుద్దుకున్నాడు.

“నువ్వు కాదంటే ఎలాగ నమ్మేదిరా?” అన్నాడు నెమ్మదిగా. “నాను దగ్గరికొచ్చినాక విజిల్ కూడా ఊదినావు గదా. డ్రిల్లులో ఊదినట్టే. రెండు సార్లు.”

నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. ఆ శనివారం నా విజిల్ స్కూల్లో టేబుల్ సొరుగులో ఉంది. సోమవారం ఉదయం తాళం తీసి అక్కణ్నుంచే తీసుకున్నాను.

వాడికి ఆ మాట చెప్పాను. అప్పుడు నమ్మాడు. నమ్మి, నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరికీ చేతులు చల్లగా ఉన్నాయి, బయట ఎండ మండిపోతోంది. పార్వతి టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, తనూ అక్కడే నేల మీద కూర్చుంది. “తాగన్నయ్యా,” అంది.

ఆ రోజు నా వెనక వచ్చినవాడెవడో, సింహాచలం ముందు మూల మీద నిలబడినవాడెవడో నాకు తెలీదు. ఇద్దరూ ఒకడేనా అన్నదీ తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ మూల మీద ఏం చూశామన్న దాంట్లో మా ఇద్దరిలో ఎవరైనా అబద్ధం ఆడారంటే అది ఒక్కటే, ఎవులూ నేరు అన్నది. అది నా కోసం ఆడాడు.

ఇదంతా రాస్తానంటే రాసెయ్యమన్నాడు సింహాచలం, ఎలాగూ ఎవరూ నమ్మరని. తవిటినాయుడు మావ చదవడు, ఆయన పేపరు కూడా చదవడు. మావ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని వాడు ఆ మధ్య కర్ర తీసుకుని బయల్దేరాడు కూడా. నేనే గుమ్మం దగ్గర ఆపాను. చెబితే ఏమంటారు? దానియేలు గోతిలోకి చెయ్యి చూపించాడు, సింహాచలం వాణ్ని కాపాడటానికి దెయ్యం కథ అల్లాడు అంటారు. నాకోసం వాడు మోసింది చాలు.

మొన్న ఒక పెళ్ళిలో బంతిలో కూర్చుంటే, వడ్డించేవాడు గరిటె పట్టుకుని, “మాస్టారికి కోడికూర ఎక్కువెయ్యాల!” అని అరిచాడు. బంతంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చున్న సింహాచలం లేవబోయాడు. వాడి మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

“ఎయ్యి బాబూ,” అన్నాను. “ఎక్కువే ఎయ్యి.”